10/22 రైఫిల్: ఖాళీ షెల్ ఇరుక్కుంటోంది, నూనె వేసేకొద్దీ ఇంకా ఎక్కువవుతోంది

ఈస్ట్‌టెక్సాస్_ఉడుత

అందరికీ నమస్కారం. రైఫిల్ రూగర్ 10/22 కార్బైన్, .22 ఎల్‌ఆర్, సెకండ్ హ్యాండ్‌ది. పైన 3-9 స్కోప్ ఉంది, దాని బేస్ విడిగా కొని బిగించినది. వాడేది 36 గ్రెయిన్ (సీసం బరువు) హాలో పాయింట్ (ముక్కు గుంటగా ఉండే తూటా), వందలకొద్దీ తూటాలు విడిగా పోసి అమ్మే బల్క్ డబ్బా. మ్యాగజైన్లు మూడు. రెండు రైఫిల్ కంపెనీవే, 10 తూటాల రోటరీ రకం. మూడోది వేరే వాళ్ళు చేసిన 25 తూటాల ప్లాస్టిక్‌ది.

మొదటి 40-50 తూటాలు బాగానే వెళ్తాయి. ఆ తర్వాత ప్రతి పదింటికీ ఒకటో రెండో ఇరుక్కుంటాయి. ఎక్కువసార్లు ఖాళీ షెల్ ఎజెక్షన్ కిటికీలో (షెల్ బయటికి ఎగిరే సందు) నిలువుగా చిక్కుకుని కనిపిస్తుంది. కొన్నిసార్లు కొత్త తూటా ముక్కు ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) అంచుకు కొట్టుకుని వంగిపోతోంది. అప్పుడప్పుడు క్లిక్‌మని ఊరుకుంటుంది, బయటికి తీసి చూస్తే రిమ్ (తూటా వెనక అంచు) మీద చిన్న నొక్కు ఉంటుంది.

ఇంతవరకు చేసినవి: బోర్‌స్నేక్ (గొట్టం లోపల తుడిచే తాడు) నాలుగైదు సార్లు లాగాను. బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే లోహపు దిమ్మ) మీద, మ్యాగజైన్లలో స్ప్రే నూనె దండిగా కొట్టాను. రెండు మ్యాగజైన్ల వరకు బాగుండి, తర్వాత ముందుకంటే అన్యాయంగా తయారైంది. ఎక్స్‌ట్రాక్టర్ (షెల్ అంచు పట్టి లాగే కొక్కెం), రీకాయిల్ స్ప్రింగ్, బోల్ట్ బఫర్ మూడూ కలిపి ఆర్డర్ పెడదామనుకుంటున్నాను. అక్టోబర్‌లో ఉడుతల సీజన్ మొదలయ్యేలోగా సరిచేసుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నాను, హంటింగ్ లైసెన్స్ ఉంది.

---

మరమేకు

ఆర్డర్ ఆపండి. మీరు రాసింది ఒక జబ్బు కాదు, మూడు. మూడింటికీ మూల కారణం ఒకటే కావచ్చు, కాకపోనూ వచ్చు. అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు.

ముందు ఒక అలవాటు. జామ్ అవగానే బోల్ట్ హ్యాండిల్ పట్టి లాగకండి. గొట్టం మట్టిగోడ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, సేఫ్టీ పెట్టి, ఎజెక్షన్ కిటికీలోంచి చూడండి. ఖాళీ షెల్ ఎక్కడుంది, కొత్త తూటా మ్యాగజైన్ నుంచి లేచిందా లేదా, బోల్ట్ ఎంత దూరంలో ఆగింది? ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది. ఒక్కసారి లాగేశారంటే సాక్ష్యం పోయినట్టే.

ఇక మెకానిజం. ఈ రైఫిల్‌లో కాల్చేటప్పుడు బోల్ట్‌ను మూసి పట్టే తాళం లాంటిదేమీ లేదు. తూటా పేలినప్పుడు ఖాళీ షెల్ వెనక్కి తన్నే తోపే బోల్ట్‌ను నెడుతుంది. దాన్ని ఆపేది బోల్ట్ బరువూ, హ్యాండిల్‌తో ఉన్న రీకాయిల్ స్ప్రింగూ. ఆ తోపు మరీ పెద్దదేమీ కాదు. దారిలో కాస్త జిగురు తగిలినా బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్ళదు. షెల్ ఎజెక్టర్‌కి (దాన్ని బయటికి తన్నే భాగం) మెల్లగా తగులుతుంది, బయటికి ఎగరదు, ఈలోపు బోల్ట్ తిరిగొచ్చి దాన్ని కిటికీలో నొక్కేస్తుంది. మీ నిలువు షెల్ కథ ఇదే.

ఆ జిగురు మీరే తయారు చేశారు. .22 తూటాల సీసం మీద మైనం లాంటి పూత ఉంటుంది. ఆ మైనం, కాలని పౌడర్, మసి, దాని మీద మీ స్ప్రే నూనె. అన్నీ కలిసి గానుగ అడుగున మిగిలే మడ్డిలా అవుతుంది. కొత్త నూనె కొట్టగానే మడ్డి పలచబడి రెండు మ్యాగజైన్లు నడుస్తుంది, తర్వాత ఇంకా ఎక్కువ మసిని పట్టుకుంటుంది. ఉదయం చలిలో అయితే మొదటి తూటాకే మొరాయిస్తుంది.

బోర్‌స్నేక్ బారెల్ లోపల తుడుస్తుంది, మీ సమస్య మాత్రం బారెల్‌లో లేదు. ఛాంబర్ గోడల మీద, తూటా అంచు ఆనే చోట మసి గట్టిపడి పేరుకుంటుంది. మెత్తటి తాడు దాన్ని గీకలేదు. తూటా ఆఖరి వెంట్రుకవాసి లోపలికి దిగకుండా ఆగితే బోల్ట్ కూడా పూర్తిగా మూసుకోదు. అప్పుడు ఫైరింగ్ పిన్‌ని కొట్టే హ్యామర్ దెబ్బలో సగం బోల్ట్‌ను ముందుకు తొయ్యడానికే ఖర్చవుతుంది. రిమ్ మీద చిన్న నొక్కు, క్లిక్ శబ్దం. మీ మూడో లక్షణం ఇది.

విప్పి శుభ్రం చేసే పద్ధతి, ఇదే వరుసలో చేయండి:

1. మ్యాగజైన్ తీయండి. బోల్ట్ వెనక్కి లాగి, తెరిచి ఉంచే లాక్‌తో నిలపండి. ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి కూడా నిర్ధారించుకోండి. ఆ తర్వాత బోల్ట్ మూయండి. తూటాలు ఆ గదిలోనే ఉంచొద్దు.
2. కార్బైన్ కాబట్టి ముందు బారెల్ బ్యాండ్ స్క్రూ వదులు చేసి బ్యాండ్ ముందుకి జరపండి. తర్వాత మ్యాగజైన్ గూడుకి ముందున్న టేక్‌డౌన్ స్క్రూ తీయండి.
3. సేఫ్టీ బటన్ సరిగ్గా మధ్యలో పెట్టండి. ఏ వైపు పొడుచుకుని ఉన్నా కర్రకి (స్టాక్) తగులుకుంటుంది. గొట్టం ముందు వైపు నుంచి పైకెత్తితే మొత్తం బయటికి వస్తుంది.
4. ట్రిగ్గర్ గుంపుని (ట్రిగ్గర్, హ్యామర్ ఉన్న భాగం) పట్టి ఉంచే అడ్డ పిన్నులు రెండు. చాలావరకు చేత్తో నెడితేనే జారిపోతాయి, కింద గుడ్డ పరచండి. గుంపు తీసేశాక ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ వదలొద్దు, బోల్ట్ లేకుండా అది నేరుగా లోహానికి కొట్టుకుంటుంది.
5. వెనకున్న లావు పిన్ను బోల్ట్ స్టాప్. అదీ తీసి, రిసీవర్ (బోల్ట్ ఉండే లోహపు పెట్టె) బోర్లించి, హ్యాండిల్‌ను పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని బోల్ట్ పైకి లేపండి. తర్వాత హ్యాండిల్‌ని మెల్లగా వదిలి స్ప్రింగ్‌తో సహా తీయండి.

ఇప్పుడు అసలు పని. వంగే కేబుల్‌కి .22 కంచు బ్రష్ తగిలించి సాల్వెంట్‌లో తడిపి ఛాంబర్‌లో పెట్టి గుండ్రంగా తిప్పండి, ఇరవై ముప్పై చుట్లు. పది నిమిషాలు నాననిచ్చి మళ్ళీ తిప్పండి. తర్వాత పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. బోల్ట్ ముఖంలో తూటా అంచు కూర్చునే గుంట, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింది సందు టూత్‌పిక్‌తో గీకండి. ఆ సందులో ఎంత మసి దూరుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఫైరింగ్ పిన్ గాడిలో సాల్వెంట్ కొట్టి గాలితో ఆరబెట్టండి. పిన్ను వేలితో నెడితే జంకు లేకుండా కదలాలి.

నూనె మొత్తం నాలుగైదు చుక్కలు. బోల్ట్ పైభాగం రిసీవర్‌కి రాసుకునే చోట రెండు, హ్యాండిల్ రాడ్ మీద ఒకటి, హ్యామర్ బోల్ట్‌కి తగిలే చోట ఒకటి, చాలు. ఛాంబర్, ఫైరింగ్ పిన్ గాడి, మ్యాగజైన్ మూడూ పొడిగా ఉండాలి. ట్రిగ్గర్ గుంపు తిరిగి పెట్టేటప్పుడు హ్యామర్ వెనక్కి వంచి ఉండాలి, లేదంటే కూర్చోదు.

బోల్ట్ బఫర్ సంగతి. అది లోపలి స్టీల్ పిన్ను తీసి ప్లాస్టిక్‌ది పెట్టడమే, చప్పుడు తగ్గుతుంది. జామ్‌కీ దానికీ సంబంధం లేదు.

---

స్కోప్_బేస్

మరమేకు గారు చెప్పినదంతా చేయండి. ఒక్కటి మాత్రం బోల్ట్ బయటికి తీసిన రోజే చూడండి: బోల్ట్ పైభాగంలో కొత్తగా మెరిసే సన్నటి గీత ఉందా?

మీ బేస్ విడిగా కొన్నదన్నారు. ఈ రైఫిల్ రిసీవర్ పైకప్పు పలచన. బేస్ స్క్రూ కొంచెం పొడుగైనా లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్‌ను గీకుతుంది. గోరుతో తడిమితే లోపల మొన తగులుతుంది. ఒక్కో స్క్రూ ఒక్కో పొడవుంటే ముందుది వెనక్కి, వెనకది ముందుకి మారిపోయినా ఇదే గొడవ. స్క్రూ తీసి చివర ఆకురాయితో రుద్ది పొడవు తగ్గించండి. తిరిగి పెట్టేటప్పుడు నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క. ఎక్కువ పోస్తే కారి బోల్ట్ దారిలో గడ్డకడుతుంది.

కర్ర కూడా మార్చి ఉంటే హ్యాండిల్ ముందుకూ వెనక్కూ పోయే గాడి అంచులు చూడండి, రాసుకున్న గుర్తులుంటాయి.

---

పెదవుల_సుబ్బడు

మ్యాగజైన్ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తూటా ముక్కు వంగడం అనే మీ రెండో లక్షణంలో నా అనుమానం మొదట 25 తూటాల ప్లాస్టిక్ దాని మీదే.

10/22 వచ్చింది 1964లో. ఈ రైఫిల్ పేరు నిలబెట్టిందే ఆ రోటరీ మ్యాగజైన్. .22 తూటాకి వెనక అంచు ఉబ్బెత్తుగా ఉంటుంది. మామూలు పెట్టె లాంటి మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడితే తగులుకుంటుంది. రోటర్‌లో ఒక్కో తూటాకి ఒక్కో గాడి, ఆ గొడవే లేదు. పైగా తూటాని ఛాంబర్ వైపు నడిపించే ఫీడ్ లిప్స్ కంపెనీ వాటిలో స్టీలువి. చవక మ్యాగజైన్లలో అవి కూడా ప్లాస్టిక్కే. కొన్ని వందల తూటాలు రాసుకునేసరికి అరిగి, తూటా ముక్కు ఒక మిల్లీమీటరు అటో ఇటో లేస్తుంది.

పరీక్ష తేలిక. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 రాయండి. శుభ్రం చేసిన తర్వాత రేంజిలో ఒక్కోదాంతో 50 తూటాలు. జామ్ అయితే ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఏ రకం అని కాగితం మీద రాసుకోండి. అందులో ఒకటే తప్పు చేస్తుంటే రైఫిల్‌ని ఏమీ అనొద్దు.

మ్యాగజైన్‌లో కొట్టిన నూనె వదిలించాలి. రోటరీదాన్ని విప్పక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు కడిగే సబ్బు వేసి ముంచండి, రోటర్‌ని వేలితో తిప్పుతూ జాడించి, కడిగి, ఒక రోజంతా ఆరనివ్వండి. లోపల స్ప్రింగ్ ఉంది, తడి ఉంటే తుప్పు పడుతుంది. బ్రేక్ క్లీనర్ లాంటి ఘాటు ద్రావకాలు వద్దు, ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది. విప్పాలనే పట్టుదల ఉంటే ముందు ఆరు పలకల నట్టు ఏ స్థితిలో ఉందో ఫోటో తీసుకోండి. స్ప్రింగ్ బిగువు తక్కువైతే ఆఖరి రెండు మూడు తూటాలు లేవవు, ఎక్కువైతే రోటర్ తూటాని లిప్స్‌కి అదిమి పట్టి బోల్ట్‌కి తీసుకునే సందివ్వదు. చాలామంది బాగున్న మ్యాగజైన్‌ని పాడుచేసేది ఇక్కడే.

కొత్తవాళ్ళు జామ్ అనుకునే మరో సంగతి. కంపెనీ మ్యాగజైన్‌తో ఆఖరి తూటా తర్వాత ఈ రైఫిల్ బోల్ట్ తెరుచుకుని ఆగదు. పదకొండోసారి క్లిక్‌మంటే అది ఖాళీ, అంతే. అలాగని చూడకుండా ఖాళీ అనేసుకోవద్దు.

---

ఆక్లాండ్_కుందేలు

న్యూజీలాండ్ నుంచి. ఇక్కడ 2019లో సెమీ ఆటోలను నిషేధించినప్పుడు 10 తూటాలు మించని మ్యాగజైన్ ఉన్న .22 రిమ్‌ఫైర్లను వదిలేశారు. అందుకే కుందేళ్ళకి ఈ రైఫిల్ వాడేవాళ్ళు ఇక్కడ ఎక్కువ, అదీ సప్రెసర్‌తో (చప్పుడు తగ్గించేది).

తూటా గురించి రెండు మాటలు. 40 గ్రెయిన్ స్టాండర్డ్ వెలాసిటీ సెకనుకి 1070 అడుగుల దగ్గర ఉంటుంది. సీసీఐ మినీ-మ్యాగ్ 40 గ్రెయిన్ 1235 అడుగులు. ఆ తేడానే బోల్ట్‌కి తోపు. శుభ్రమైన రైఫిల్ రెండింటినీ నడపొచ్చు, మసిపట్టినది మొదట నెమ్మది తూటా దగ్గరే మొండికేస్తుంది. కాబట్టి పరీక్షకి ఒక డబ్బా మినీ-మ్యాగ్ కొనండి, వంద తూటాలొస్తాయి. దాంతో నడిచి బల్క్‌తో నడవకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. బల్క్ డబ్బా మీద ఎంత వేగం రాసి ఉన్నా ఒక తూటాకీ ఇంకోదానికీ నిలకడ తక్కువ.

సప్రెసర్ వాడేవాళ్ళకి: గ్యాస్ ముందుకి పోలేక వెనక్కి, మ్యాగజైన్ దాకా మసిని మోసుకొస్తుంది. 500 తూటాలకి చేసే శుభ్రత 200కే చెయ్యాలి.

పేలని తూటా గురించి, ఇది మాత్రం వదలకండి. క్లిక్‌మంటే గొట్టం అదే దిక్కున ఉంచి ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. తర్వాత తీసి నొక్కు చూడండి. నొక్కు లోతుగా ఉన్నా పేలలేదంటే తూటా తప్పు. .22లో దెబ్బకి అంటుకునే మందు రిమ్ లోపల చుట్టూ పూస్తారు, ఒక చోట అందకపోవచ్చు. నొక్కు పైపైనే ఉంటే రైఫిల్ తప్పు. క్లిక్ కాకుండా తుస్సుమంటే, దెబ్బ బలహీనంగా వినిపిస్తే, అక్కడితో ఆపెయ్యండి. సీసం గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది. రైఫిల్ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపించాకే మళ్ళీ.

---

మరమేకు

కుందేలన్న చెప్పినదానికి చేర్పు. మందు రిమ్ అంతా ఉంటుంది కాబట్టి ఇరుక్కున్న పేలని తూటాని స్క్రూడ్రైవర్‌తోనో కత్తితోనో పెళ్ళగించొద్దు. రిమ్‌కి తగిలితే అక్కడే పేలుతుంది, చుట్టూ బారెల్ ఉండదు, ఇత్తడి ముక్కలు మొహం మీదికొస్తాయి. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి పట్టి, కిందికి కుదపండి. రాకపోతే చైనీస్ హోటల్లో ఇచ్చే చెక్క పుల్లతో కదపండి. అప్పటికీ రాకపోతే గన్‌స్మిత్ దగ్గరికే. ముందునుంచి గొట్టంలో రాడ్ పెట్టి పొడవడం ఖాళీ షెల్‌కే, పేలని తూటాకి ఎప్పుడూ కాదు. ముక్కు వంగిన తూటాలు మళ్ళీ మ్యాగజైన్‌లో పెట్టకండి. ఆరేడు సెంట్ల కక్కుర్తి అది.

ఇంకోటి, బోల్ట్ మూసేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ముందుకి తేకండి. వెనక్కి లాగి వదిలెయ్యాలి, స్ప్రింగే కొట్టుకోవాలి. మెల్లగా తెస్తే తూటా పూర్తిగా కూర్చోదు, మళ్ళీ పైపై నొక్కే.

---

కాగితాల_పిచ్చి

విషయం కాస్త పక్కకి, అయినా హెచ్-1బి అన్నారు కాబట్టి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదన్నది అమెరికా ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ అందులో ఒక మినహాయింపు. టెక్సాస్‌లో ఏడాది లైసెన్సులు చాలావరకు ఆగస్టు 31తో ముగుస్తాయి. సీజన్ అక్టోబర్‌లో కదా అని సెప్టెంబర్ అంతా లైసెన్స్ లేకుండా రైఫిల్ ఇంట్లో పెట్టుకుంటే ఆ మినహాయింపు మీకు వర్తించదు. రేంజికి తీసుకెళ్ళినా అంతే. కొత్త ఏడాదిది ముందే తీసుకోండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి వెళ్ళాలంటే టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కూడా ఉండాలి. సందేహం ఉంటే లాయర్‌ని అడగండి, ఫోరంని కాదు.

---

ఈస్ట్‌టెక్సాస్_ఉడుత

అందరికీ కృతజ్ఞతలు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, కొత్త లైసెన్స్ తీసుకున్నాను.

స్కోప్_బేస్ గారూ, గీత ఉంది. ముందు స్క్రూ ఒక చుట్టు పొడుగు. రుద్ది సరిచేశాను, చేత్తో లాగినప్పుడే తేడా తెలిసింది. ఛాంబర్ లోంచి వచ్చిన నల్ల మట్టి మూడు గుడ్డలు నింపింది. రేంజి లెక్క ఇది, అన్నీ శుభ్రం చేశాక:

మ్యాగజైన్ 1, బల్క్, 50 తూటాలు: జామ్ 0.
మ్యాగజైన్ 2, బల్క్ 25, మినీ-మ్యాగ్ 25: జామ్ 0. బల్క్‌లో ఒకటి పేలలేదు, నొక్కు లోతుగానే ఉంది.
మ్యాగజైన్ 3 (ప్లాస్టిక్ 25), బల్క్ 25, మినీ-మ్యాగ్ 25: జామ్ 5. ఐదూ ముక్కు వంగినవే, రెండు రకాల తూటాలతోనూ.

ఒకటి మిగిలింది. కాల్చినప్పుడు షెల్స్ బాగానే ఎగురుతున్నాయి. కానీ రేంజిలో ఆఖర్న మిగిలిన తూటాని చేత్తో హ్యాండిల్ లాగి ఖాళీ చేయబోతే, మూడింట ఒకసారి అది ఛాంబర్‌లోనే ఉండిపోతోంది. ఇది పట్టించుకోవాలా?

---

పెదవుల_సుబ్బడు

మూడో దాని సంగతి తేలింది. చెత్తబుట్ట. మరీ 25 తూటాలు కావాలంటే రైఫిల్ కంపెనీదే బీఎక్స్-25 ఉంది, 2011 నుంచి. ఉడుతల వేటకి పది ఎక్కువే.

---

మరమేకు

పట్టించుకోవాలి. కాల్చినప్పుడు షెల్‌ని గ్యాసే వెనక్కి నెడుతుంది కాబట్టి కొక్కెం మొద్దుబారినా బయటపడదు. చేత్తో లాగినప్పుడు ఆ సాయం ఉండదు, తూటాని పట్టి లాగేది ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కటే. అంటే దాని కొన అరిగింది, లేదా దాని స్ప్రింగ్ నీరసించింది. ఇప్పటికి షెల్స్ ఎగురుతున్నా, మసి పెరిగాక నిలువు షెల్స్ మళ్ళీ మొదలయ్యేది ఇక్కడి నుంచే. ఈలోపు మ్యాగజైన్ తీసి హ్యాండిల్ లాగినంత మాత్రాన రైఫిల్ ఖాళీ అని నమ్మకండి. ప్రతిసారీ ఛాంబర్‌లోకి చూడాల్సిందే. కారులో పెట్టే ముందు ముఖ్యంగా.

మీ ఆర్డర్‌లో మూడింటిలో ఉంచాల్సింది ఈ ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కటే. కంపెనీదైనా సరే, కొన పదునుగా ఉండే, విడిభాగాల కంపెనీ వోల్‌క్వార్ట్‌సెన్‌దైనా సరే. స్ప్రింగ్, ప్లంజర్ కూడా కొత్తవి తీసుకోండి, చవకే.

మార్చడం ఐదు నిమిషాల పని. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ప్లంజర్‌ని వెనక్కి నొక్కి పట్టి, ఎక్స్‌ట్రాక్టర్‌ని పక్కకి తిప్పి లాగాలి. కొత్తది అదే దారిలో లోపలికి. పెట్టాక ఒక ఖాళీ షెల్ అంచుని కొక్కెం కింద దూర్చి బోల్ట్‌ని అడ్డంగా పట్టి ఊపండి, షెల్ రాలిపోకూడదు.

కళ్ళద్దాలు పెట్టుకోండి. బోల్ట్‌నీ రెండు చేతుల్నీ పెద్ద జిప్‌లాక్ బ్యాగులో పెట్టి పని చేయండి. ప్లంజర్ జారినా స్ప్రింగ్ బ్యాగులోనే ఉంటుంది, సోఫా కింద టార్చిలైటుతో వెతికే పని తప్పుతుంది.